రైలు రద్దయిందన్న సంగతి ప్లాట్‌ఫాం మీద తెలియకూడదు

మాది హన్మకొండ. అమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి చెకప్ కోసం తరచూ హైదరాబాద్ తీసుకెళ్తున్నాను. అలా ఒక జనవరి రాత్రి రెండు గంటలప్పుడు వరంగల్ స్టేషన్‌లో నిలబడ్డాం. అమ్మ శాలువా నెత్తి మీదుగా కప్పుకుని, మందుల సంచి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. విశాఖ వైపు నుంచి రావాల్సిన మా బండి బోర్డులో కనిపించలేదు. ఎంక్వయిరీకి వెళ్లి అడిగితే లోపలున్న ఆయన నిదానంగా చెప్పాడు: "అమ్మా, ఆ బండిని 18న సాయంత్రం విశాఖలోనే తీయలేదు. 19 తెల్లవారుజామున ఇక్కడికి ఎట్లా వస్తది?"

రద్దు నోటీసు నేను వారం ముందే చూశాను. అందులో 18 అని ఉంది, నా టికెట్ మీద 19 అని ఉంది. మనది కాదులే అనుకున్నాను. మెసేజ్ కూడా రాలేదు, ఎందుకంటే టికెట్ తీసిన నెట్ సెంటర్‌లో వాళ్ల నంబరే ఇచ్చారట. "ఏం బిడ్డా, బండి రాదా?" అని అమ్మ అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు అపాయింట్‌మెంట్ పోయింది, మళ్లీ దొరకడానికి మూడు వారాలు పట్టింది.

అప్పటి నుంచి రద్దు నోటీసులు చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికి ప్రయాణం ఉన్నా "అక్కా, ఆ బండి ఉందా?" అని అడుగుతారు. వాళ్లకు చెప్పేవన్నీ ఒకచోట రాస్తున్నాను. ముందుగా తెలియాల్సింది ఒక్కటే: పనుల కోసం చేసే రద్దు ఆ రాత్రికి ఆ రాత్రి ఊడిపడేది కాదు. చాలాసార్లు రోజుల ముందే కాగితం మీద ఉంటుంది. ఆ కాగితం చదవడం మనకు రావాలి.

పని ఎందుకు, రైళ్లు ఎందుకు ఆగుతాయి

కాజీపేట–విజయవాడ మధ్య సుమారు 219 కిలోమీటర్ల మూడో లైన్ వేస్తున్నారు. ఢిల్లీ–చెన్నై రైళ్లు, బొగ్గు గూడ్సులు, మన రోజువారీ బండ్లు అన్నీ ఈ దారినే పోవాలి. కొత్త పట్టాలు పక్కనే వేస్తున్నంత కాలం మనకు పెద్ద ఇబ్బంది ఉండదు. వాటిని పాత స్టేషన్ యార్డులో కలిపేటప్పుడే కష్టం. నోటీసుల్లో "నాన్ ఇంటర్‌లాకింగ్ పనులు", లేదా పొట్టిగా "ఎన్ఐ" అని కనిపిస్తే అదే అని అర్థం.

మామూలు రోజుల్లో సిగ్నల్‌కు, పట్టాలు మార్చే పాయింటుకు ముడి ఉంటుంది. పాయింటు సరైన వైపు తిరిగి లాక్ పడితే తప్ప పచ్చ లైట్ వెలగదు. దాన్నే ఇంటర్‌లాకింగ్ అంటారు. కొత్త లైన్ కలపాలంటే ఈ ఏర్పాటును కొన్ని రోజులు విప్పేయాలి. అప్పుడు ఆ పనంతా మనుషులు చేతులతో చేస్తారు. ఒకసారి మా బండి ఒక చిన్న స్టేషన్‌లోకి నడిచినంత మెల్లగా వెళ్తుంటే తలుపు దగ్గర నుంచి చూశాను. పట్టా మొనను ఇనుప క్లాంప్‌తో బిగించి తాళం వేశారు. పక్కనే నారింజ రంగు జాకెట్ వేసుకున్న ఒకాయన పచ్చజెండా పట్టుకుని, బండి మొత్తం దాటేదాకా ఆ తాళం వైపే చూస్తూ నిలబడ్డాడు. మధ్యాహ్నం ఎండ, ఆయన తల మీద తడిపిన తువ్వాలు. ప్రతి బండినీ ఇలా దాటించాలంటే వేగం గంటకు 15 కిలోమీటర్లకు పడిపోతుంది. రోజుకు వంద బండ్లు పోయే చోట సగం కూడా పట్టవు. అందుకే కొన్నిటిని రద్దు చేస్తారు, కొన్నిటిని తిప్పి పంపుతారు. అది చూశాక నాకు రద్దుల మీద కోపం పోయింది. మనం ముందే తెలుసుకోవాలన్న పట్టుదల మాత్రం పెరిగింది.

నోటీసులో మాటలు

దక్షిణ మధ్య రైల్వే ఇచ్చే ప్రకటనల్లో, పేపర్లో జిల్లా పేజీల్లో వచ్చే వార్తల్లో నాలుగైదు మాటలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. పూర్తిగా రద్దు అంటే ఆ రోజు ఆ బండి లేదు. పాక్షికంగా రద్దు అంటే కొంత దూరమే నడుస్తుంది: సికింద్రాబాద్ దాకా రావాల్సింది కాజీపేటలోనే ఆగిపోవచ్చు, లేదా తిరుగు ప్రయాణంలో కాజీపేట నుంచే మొదలవ్వచ్చు. రీషెడ్యూల్ అంటే మొదటి స్టేషన్‌లోనే ఆలస్యంగా బయలుదేరుతుంది. రెగ్యులేట్ అంటే దారిలో ఎక్కడో గంటో గంటన్నరో ఆపి ఉంచుతారు.

ఇక మిగిలింది దారి మళ్లింపు. నా అనుభవంలో అందరూ మోసపోయేది దీని దగ్గరే. ఎందుకంటే బండి రద్దు కాలేదు, యాప్‌లో నడుస్తూనే కనిపిస్తుంది, కానీ మన ఊరికి రాదు. మా వైపు పనులు జరిగితే చాలా రైళ్లను పగిడిపల్లి, నల్గొండ, నడికుడి, గుంటూరు మీదుగా పంపుతారు. అప్పుడు కాజీపేట, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం నాలుగూ తప్పిపోతాయి. విజయవాడ–రాజమండ్రి మధ్య పనులుంటే నిడదవోలు, భీమవరం టౌన్, గుడివాడ మీదుగా తిప్పుతారు. అప్పుడు తాడేపల్లిగూడెం, ఏలూరు వాళ్లకు బండి లేనట్టే. కాబట్టి "మళ్లింపు" అన్న మాట కనిపిస్తే బండి పేరు చూసి సరిపెట్టుకోకండి. మీరు ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్ రెండూ ఆ కొత్త దారిలో ఉన్నాయా అని చూడండి. ఇంకో సంగతి, నడికుడి దారి చాలావరకు ఒంటి లైనే. బీబీనగర్–గుంటూరు మధ్య 239 కిలోమీటర్ల రెండో లైన్‌కు కేంద్రం 2023లో ఆమోదం ఇచ్చింది. అది పూర్తయ్యేదాకా మళ్లించిన బండ్లు ఎదురు బండ్ల కోసం ఆగుతూనే వస్తాయి. అలాంటి రోజు విజయవాడలో పెళ్లి ముహూర్తం పెట్టుకుని లెక్కలు వేసుకోవద్దు.

తేదీ దగ్గరే అసలు తిరకాసు

నన్ను దెబ్బకొట్టింది ఇదే. నోటీసులో ఉండే తేదీ మనం ఎక్కే తేదీ కాదు, ఆ రైలు తన మొదటి స్టేషన్‌లో బయలుదేరే తేదీ. ఇంగ్లిష్ ప్రకటనల్లో దీన్ని "జేసీఓ" (జర్నీ కమెన్సింగ్ ఆన్) అని రాస్తారు. న్యూఢిల్లీలో 10న సాయంత్రం కదిలే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటకు వచ్చేది 11న. నోటీసులో "10న రద్దు" అని ఉంటే, కాజీపేటలో 11న ఎక్కాల్సిన మీకు బండి లేదు. "11న రద్దు" అని ఉంటే మీకు 11న బండి ఉంది, 12న ఉండదు. అర్ధరాత్రి దాటాక ఎక్కే వాళ్లందరూ ఈ లెక్క కచ్చితంగా వేసుకోవాలి. నేనైతే కాగితం మీద రెండు గడులు గీస్తాను. ఒక దాంట్లో బండి పుట్టిన తేదీ, ఇంకో దాంట్లో నేను ఎక్కే తేదీ. నోటీసును మొదటి గడితోనే పోలుస్తాను.

దీనికి తోడు జత బండి సంగతి కూడా ఉంది. వెళ్లిన పెట్టెలే తిరిగి రావాలి కాబట్టి, అటు వెళ్లే బండి ఒక రోజు రద్దయితే ఇటు వచ్చేది అదే రోజో మర్నాడో రద్దవుతుంది. వెళ్లే టికెట్ ఒక్కటే చూసుకుని తిరుగు టికెట్ మర్చిపోయిన వాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరున్నారు. గోల్కొండ, శాతవాహన లాంటి పగటి బండ్ల మీద ఆధారపడేవాళ్లు దీన్ని మరీ గుర్తుపెట్టుకోవాలి. మా దారిలో పనులంటే ఈ బండ్ల పేర్లు తరచూ జాబితాలోకి వస్తాయి.

ఎక్కడ, ఎప్పుడు చూడాలి

టికెట్లు 60 రోజుల ముందు నుంచి దొరుకుతాయి. పనుల ప్రకటన చాలాసార్లు ఆ తర్వాతే వస్తుంది. అంటే టికెట్ కన్‌ఫర్మ్ అయినంత మాత్రాన బండి ఉంటుందని గ్యారంటీ లేదు. నేను నాలుగుసార్లు చూస్తాను: టికెట్ తీసిన రోజు, పది రోజుల ముందు, మూడు రోజుల ముందు, బయలుదేరే పూట. రైళ్ల రాకపోకలు చూపించే రైల్వే వాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్‌లో రద్దయినవి, మళ్లించినవి, రీషెడ్యూల్ చేసినవి విడివిడిగా ఉంటాయి. అక్కడ కూడా బండి పుట్టిన తేదీనే ఎంచుకోవాలి. 2025 జూలైలో వచ్చిన రైల్‌వన్ యాప్‌లో టికెట్, పీఎన్ఆర్, బండి ఎక్కడుంది అన్నవన్నీ ఒకేచోట దొరుకుతున్నాయి. యాప్‌లు చేతకాని పెద్దవాళ్లుంటే 139కి ఫోన్ చేసి పీఎన్ఆర్ చెప్పమనండి.

టికెట్ ఎవరు తీసినా సరే, ప్రయాణం చేసేవాళ్ల ఫోన్ నంబర్ ఇవ్వమని గట్టిగా అడగండి. రద్దు మెసేజ్ ఆ నంబర్‌కే వస్తుంది. నెట్ సెంటర్ అబ్బాయి ఫోన్‌లో పడి ఉన్న మెసేజ్ వల్ల మనకు ఒరిగేదేమీ లేదు.

డబ్బులు వెనక్కి

ఇక్కడ తొందరపాటు వల్ల నష్టపోయేవాళ్లే ఎక్కువ. పేపర్లో వార్త చూడగానే టెన్షన్‌తో టికెట్ మనమే క్యాన్సిల్ చేస్తే అది మామూలు క్యాన్సిలేషన్ కిందికి పోతుంది. స్లీపర్‌కు ఒక్కొక్కరికి కనీసం 120, థర్డ్ ఏసీకి కనీసం 180 రూపాయలు కోత పడుతుంది. రైల్వే వాళ్లే సిస్టమ్‌లో రద్దు చేసేదాకా ఆగితే చార్జీ మొత్తం వస్తుంది. ఆన్‌లైన్ టికెట్ అయితే, బండి పూర్తిగా రద్దయినప్పుడు మనం ఏమీ చేయక్కర్లేదు, డబ్బు కట్టిన ఖాతాకే తిరిగి వస్తుంది. ఏజెంట్ తీసిన టికెట్ అయితే డబ్బు ముందు ఏజెంట్‌కే చేరుతుంది కాబట్టి వాళ్లను అడిగి తీసుకోవాలి. కౌంటర్ టికెట్ అయితే బండి బయలుదేరాల్సిన సమయం నుంచి మూడు రోజుల్లోగా రిజర్వేషన్ కౌంటర్‌లో ఆ కాగితం ఇచ్చి డబ్బు తీసుకోవాలి. కాగితం జాగ్రత్త, అది పోతే డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

దారి మళ్లింపు, పాక్షిక రద్దు సంగతి వేరు. వీటికి డబ్బు దానంతట అది రాదు. ఆన్‌లైన్ టికెట్‌కు టీడీఆర్ వేయాలి, అంటే డబ్బు తిరిగి ఇమ్మని ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. ఐఆర్‌సీటీసీలో ఆ టికెట్ తెరిస్తే టీడీఆర్ అనే చోట కారణాల జాబితా వస్తుంది. "రైలు మళ్లించారు, ప్రయాణించలేదు", "ఎక్కే స్టేషన్‌కు రాలేదు", "దిగే స్టేషన్‌కు రాలేదు" అన్నవి వేర్వేరు కారణాలు. మీకు జరిగింది ఏదో అదే ఎంచుకోండి. మీ స్టేషన్ నుంచి బండి కదలాల్సిన సమయం తర్వాత 72 గంటల్లోపు వేయాలి. నేనైతే అదే రోజు వేసేస్తాను, ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకుంటాను. తత్కాల్ టికెట్‌కు డబ్బు రాదని చాలామంది వదిలేసుకుంటారు. అది మనం మానుకున్నప్పటి సంగతి. బండే రద్దయినా, మళ్లించడం వల్ల మనం వెళ్లకపోయినా తత్కాల్‌కూ పూర్తి డబ్బు వస్తుంది.

బండి మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు వెళ్లకూడదనుకుంటే పూర్తి డబ్బు అడగవచ్చు. అయితే ఆ టీడీఆర్ బండి మీ స్టేషన్ నుంచి కదలక ముందే వేయాలి. కదిలాక వేస్తే చెల్లదు.

రద్దుల సీజన్‌లో "రీఫండ్ డిపార్ట్‌మెంట్ నుంచి" అంటూ ఫోన్లు వస్తాయి. ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేయండి.

మరి ఎలా వెళ్లాలి

ముందే ప్రకటించిన పనులప్పుడు మన దగ్గర రైలుకు బదులు బస్సు పెట్టడం మామూలుగా ఉండదు. డబ్బు తిరిగిస్తారు, దారి మనం వెతుక్కోవాలి. డబ్బు ఎలాగూ వస్తుంది, సీటే దొరకదు. రద్దు ప్రకటన వచ్చిన రోజే బస్సులు నిండడం మొదలవుతుంది. అందుకే రీఫండ్ కోసం చూడకుండా ముందు బదులు టికెట్ తీసేయండి.

ముందు మీకు దగ్గరలో ఇంకో స్టేషన్ ఉందా చూడండి. కాజీపేట, వరంగల్ మధ్య పది కిలోమీటర్లే, కానీ అన్ని బండ్లూ రెండు చోట్లా ఆగవు. చెన్నై–ఢిల్లీ బండ్లలో కొన్ని వరంగల్‌లో ఆగి కాజీపేటకు రావు. బల్లార్షా వైపు నుంచి సికింద్రాబాద్ వెళ్లేవి కాజీపేట మీదుగా పోతాయి, వరంగల్ ముట్టవు. ఒకచోట పనులున్నా రెండోచోట బండి దొరకవచ్చు. ఏలూరు వాళ్లు విజయవాడకు, తాడేపల్లిగూడెం వాళ్లు నిడదవోలుకు బస్సులో వెళ్లి ఎక్కవచ్చు. అలా చేసేటప్పుడు టికెట్‌లో ఎక్కే స్టేషన్ ముందుగానే మార్చుకోవాలి. మార్చకుండా, టికెట్ మీద ఉన్న స్టేషన్‌లో ఎక్కకపోతే మీ బెర్త్ వేరేవాళ్లకు ఇచ్చేయవచ్చు. మార్చాక మాత్రం పాత స్టేషన్‌లో ఎక్కే హక్కు ఉండదు.

హైదరాబాద్ వచ్చేవాళ్లు టికెట్ మీద దిగే స్టేషన్ పేరు ఇంకోసారి చదవండి. సికింద్రాబాద్ స్టేషన్‌ను కొత్తగా కడుతుండటంతో చాలా బండ్లను చర్లపల్లికి మార్చారు. ఆ టెర్మినల్ 2025 జనవరి 6న మొదలైంది. స్టేషన్ బాగుంది, లిఫ్టులున్నాయి. కానీ అక్కడ మెట్రో లేదు, అర్ధరాత్రి దిగితే ఆటో బేరం కష్టం. పెద్దవాళ్లతో దిగేటట్టయితే ముందే ఎవరినైనా రమ్మనండి, లేదా తెల్లవారాక చేరే బండి చూసుకోండి.

బస్సు విషయానికొస్తే, హన్మకొండ నుంచి జనగామ, ఘట్‌కేసర్ మీదుగా వెళ్లే బస్సులు ఉప్పల్‌లో ఆపుతాయి. అక్కడ దిగి మెట్రో ఎక్కితే ఊళ్లో ట్రాఫిక్ తప్పుతుంది. నేను అమ్మను ఇప్పుడు చాలాసార్లు ఇలాగే తీసుకెళ్తున్నాను. ఆడవాళ్లకు తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని బస్సులకు టికెట్ కొనాలి. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద అలాంటి ఏర్పాటే ఉంది. రాష్ట్రం దాటే ఆంధ్ర బస్సుకు మాత్రం ఇది వర్తించదు. ఖమ్మం నుంచి విజయవాడ వెళ్లే ఆడవాళ్లు ఈ తేడా గమనించాలి.

నెలవారీ పాస్ మీద రోజూ వెళ్లొచ్చే ఉద్యోగులకు ఒక హెచ్చరిక. మీ మామూలు బండి రద్దయిందని వెనకొచ్చే సూపర్‌ఫాస్ట్ ఎక్కితే, ఆ అదనపు చార్జీ మీ పాస్‌లో లేకపోతే ఫైన్ పడుతుంది. రిజర్వేషన్ బోగీలో ఎక్కడం అసలే వద్దు. పనులు పది రోజులుంటే ఆఫీసులో ముందే మాట్లాడుకుని వేళలు మార్చుకోవడం మేలు.

రెండు రైళ్లు మారాల్సిన ప్రయాణమైతే ఐఆర్‌సీటీసీలో రెండు పీఎన్ఆర్‌లను ముందే లింక్ చేసుకోండి. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే, వెళ్లని భాగానికి కోత లేకుండా డబ్బు అడిగే వీలుంటుంది. పేర్లు రెండు టికెట్లలోనూ ఒకేలా ఉండాలి. ఎంత లింక్ చేసినా, పనుల రోజుల్లో రెండు బండ్ల మధ్య కనీసం నాలుగు గంటలు వదలండి.

బయలుదేరే రోజు బండి మొదటి స్టేషన్‌లో కదిలిందా అన్నది చూశాకే ఇంట్లోంచి బయటికి రండి. రోజూ వేసుకునే మందులు రెండు పూటలకు ఎక్కువగా పెట్టుకోండి, నీళ్లు సరే సరి.

చివరగా, చాలామంది చూడని నోటీసు ఒకటుంది. పనులు అనుకున్న దానికంటే ముందే అయిపోతే రద్దు చేసిన బండ్లను "పునరుద్ధరిస్తున్నాం" అని ప్రకటిస్తారు. పని మిగిలిపోతే రద్దు తేదీలు పొడిగిస్తారు. అందుకే రద్దు జాబితాను ఒకసారి చూసి వదిలేయకూడదు. పునరుద్ధరించిన బండికి బుకింగ్ మళ్లీ తెరుస్తారు, మొదటి కొన్ని గంటలు సీట్లు ఖాళీగా ఉంటాయి. పోయినసారి అమ్మ చెకప్‌కు రెండు రోజుల ముందు అలా ఒక నోటీసు కనిపించింది. అప్పటికే ఉప్పల్ బస్సుకు టికెట్ తీసి ఉన్నాను. వెంటనే రైలు టికెట్ తీస్తే లోయర్ బెర్త్ వచ్చింది, బస్సు టికెట్ క్యాన్సిల్ చేశాను. ఈసారి టికెట్ మీద అమ్మ ఫోన్ నంబరే ఇచ్చాను. మెసేజ్ రాగానే కళ్లద్దాలు సర్దుకుని, అంకెలు ఒక్కొక్కటిగా నాకు చదివి వినిపించింది.